డ్రైవ్ లింకు పంపే ముందు ఈ అమరిక చూడండి

అద్దె ఒప్పందానికో, బ్యాంకు రుణానికో ఆధార్, పాన్ ప్రతులను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతున్నారా? 'లింకు ఉన్న ఎవరైనా' అనే అమరిక పెడితే, అది వాట్సాప్‌లో ఎన్ని చేతులు మారితే అంతమందీ మీ పత్రాన్ని తెరవగలరు. జీమెయిల్ ఖాతా కూడా అక్కర్లేదు. దాని బదులు 'పరిమితం' ఎంచుకుని, అవతలివారి మెయిల్ చిరునామా ఒక్కటే చేర్చండి. పని పూర్తయ్యాక దాన్ని తీసేయండి.

ఫోల్డర్ మొత్తాన్ని షేర్ చేయడం ఇంకా ప్రమాదం. తర్వాత అందులో ఏది వేసినా అవతలివారికి కనిపిస్తుంది. పిల్లల ఫొటోలైనా, వైద్య నివేదికలైనా సరే. ఇక వారు అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతిని మీరు వెనక్కి తీసుకోలేరు. అందుకే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ (UIDAI) వెబ్‌సైటులో అది ఉచితంగా దొరుకుతుంది.

కొత్త సినిమా ఫైలును డ్రైవ్‌లో పెట్టి మిత్రులకు పంచడం చిన్న విషయం కాదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 1957 నాటి కాపీరైట్ చట్టం, 63వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇలాంటి కాపీరైట్ ఉల్లంఘన ఆరోపణలపైనే 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఫైళ్లు దాచుకుని పంచుకునే వెబ్‌సైటు మెగాఅప్‌లోడ్‌ను మూయించినప్పుడు, ఏ తప్పూ చేయనివారి సొంత ఫైళ్లు కూడా అందకుండా పోయాయి. ముఖ్యమైనవాటి ప్రతి ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో తప్పక ఉంచుకోండి.