ప్రెప్ మాత్ర రోజూ తప్పకుండా పడేలా ఫోన్‌ని ఎలా సెట్ చేయాలి?

ప్రెప్ మొదలుపెట్టినవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఫోన్లో అలారం పెట్టుకో." పెట్టుకుంటారు. నెల తిరిగేసరికి సీసాలో సగం మాత్రలు అలాగే ఉంటాయి. అప్పుడేమో ఆ మనిషికి శ్రద్ధ లేదంటారు. బెజవాడ ఆటోనగర్ డ్రైవర్ల నుంచి గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ల దాకా చాలామంది ఫోన్లు చేతిలోకి తీసుకుని సెట్ చేసిచ్చాను. శ్రద్ధ లేనివాళ్లు తక్కువ. వాళ్లకి సగం పని చేసిచ్చి వదిలేసినవాళ్లే ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. హెచ్‌ఐవీ లేనివాళ్లు, సోకే అవకాశం ఎక్కువున్నవాళ్లు, అది రాకుండా ముందుగానే వేసుకునే మందు ప్రెప్. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర, రోజుకొకటి. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది, మన దేశంలో ఎయిడ్స్ నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ న్యాకో 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మందుల షాపులో అడిగి కొనుక్కుని మొదలుపెట్టేది కాదు. ముందు హెచ్‌ఐవీ పరీక్ష, కిడ్నీ కోసం క్రియాటినిన్, హెపటైటిస్ బి పరీక్ష చేయించి డాక్టరు రాయాలి. ఇక సిఫిలిస్, గనేరియా లాంటివాటిని ఈ మాత్ర ఆపదు. కండోమ్ మానేయమని ఎవరూ చెప్పలేదు.

కావలసినవి: ఫోన్ (బటన్ ఫోనైనా సరే), రీచార్జ్ ఉన్న సిమ్, మాత్రల సీసా, నమ్మకమైన మనిషి ఒకరు. ఆ నాలుగోదాని గురించే ఈ వ్యాసమంతా.

1. టైము పెట్టుకోండి

రాత్రి తొమ్మిదిన్నర. ఉదయం వద్దు. ఉదయం పిల్లల క్యారేజీలు, నీళ్లు పట్టుకోవడం, బస్సు హడావిడి. తిన్నాక వేసుకున్నా తినకముందు వేసుకున్నా మందు పనిచేస్తుంది, అయినా అన్నం తిన్న వెంటనే అన్న లెక్క గుర్తుంటుంది. యార్డులో సీజన్ నడిచేటప్పుడు రాత్రి ఏ టైముకి ఇల్లు చేరతారో తెలియనివాళ్లకి, కోల్‌కతా రూటు కొట్టే లారీ డ్రైవర్లకి మాత్రం మధ్యాహ్నం భోజనం టైము ఇస్తాను. ఎక్కడున్నా మధ్యాహ్నం ఓ ముద్ద తినడానికి ఆగుతారు కదా.

2. అలారం

ఫోన్‌తో వచ్చిన గడియారమే వాడండి. మాత్రలు గుర్తు చేస్తామనే యాప్‌లు డౌన్‌లోడ్ చేయొద్దు. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి బయటి యాప్‌లని చెప్పాపెట్టకుండా ఆపేస్తాయి. బ్యాటరీ సెట్టింగులు మార్చుకోవచ్చు, నిజమే, కానీ ఎంతమంది మారుస్తారు? పైగా ఆ యాప్ మొదట అడిగేదే మందు పేరు. ఆ పేరు తీసుకెళ్లి స్క్రీన్ మీద వేస్తుంది.

అలారానికి పేరు పెట్టే చోట "మోటర్ ఆపాలి" అని రాయండి. అపార్ట్‌మెంట్లో మోటరు వాచ్‌మన్ చూసుకుంటాడు కాబట్టి అక్కడ అది నప్పదు, "పాల పాకెట్ డబ్బులు" అనండి. ఇష్టమైన పాట పెట్టుకోకండి, పాట వింటూ కూర్చుంటారు. మోగుతుండగానే మాత్ర మింగాలి, ఆ తర్వాతే ఆపాలి. ఆపేసి "ఈ ఫోన్ మాట్లాడి వేసుకుంటా" అన్నవాళ్లు వేసుకోరు.

ఒక్క పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి మాత్ర టైము దగ్గర పడితే పోయినదాన్ని వదిలేయండి. రెండు కలిపి వేసుకోకూడదు.

3. లాక్ స్క్రీన్

సెట్టింగుల్లో నోటిఫికేషన్లకి వెళ్లి, లాక్ ఉన్నప్పుడు మెసేజ్‌లో ఏముందో కనిపించకుండా చేయండి. ఇంట్లో పిల్లలు రీల్స్ చూసే ఫోనైతే ఈ పని ముందు, మిగతావి తర్వాత.

4. మనిషిని పెట్టుకోండి

ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ప్రభుత్వ కేంద్రం) కౌన్సెలర్, టీఐ ప్రాజెక్టులో (సోకే అవకాశం ఎక్కువున్నవాళ్ల మధ్య నడిచే ప్రాజెక్టు) పీర్ ఎడ్యుకేటర్, అంటే వాళ్లలోంచే వచ్చిన కార్యకర్త, లేదా ముందే విషయం తెలిసిన స్నేహితుడు. ఒక్కరే. ముగ్గురుంటే ముగ్గురూ రెండోవాడు అడిగాడులే అనుకుంటారు. తన నంబరు రాసుకోవడానికి, మెసేజ్ పంపడానికి మాత్ర వేసుకునే మనిషి ఒప్పుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017) ఇలాంటి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. లిస్టును వాట్సాప్ గ్రూపులో పెట్టే సంస్థల వాళ్లు ఆ సంగతి గుర్తుంచుకుంటే బాగుండు.

5. వారానికో ప్రశ్న

ఇది, దీని తర్వాతిది ఆ నమ్మకమైన మనిషి కోసం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

మామూలుగా ఏం పంపిస్తారు? "మీ మాత్ర వేసుకున్నారా?" అని రోజూ. ఇందులో తప్పులు మూడు. మాత్ర అన్న మాట అందులో ఉంది. రోజూ వస్తోంది. అన్నిటికన్నా ఘోరం, దానికి జవాబు ముందే రాసిపెట్టి ఉంది: "వేసుకున్నా." అలా అడిగితే ఎవరైనా అదే అంటారు. అబద్ధమాడాలని కాదు, అడిగేవాళ్లని నొప్పించడం ఇష్టంలేక. వాయిస్ అని ఆఫ్రికాలోని మూడు దేశాల్లో ఆడవాళ్ల మీద పెద్ద అధ్యయనం జరిగింది. మాత్రలు ఇంచుమించు 90 శాతం రోజులు వేసుకున్నామని వాళ్లు చెప్పారు. రక్తం పరీక్షిస్తే మందు కనబడింది మూడోవంతుకన్నా తక్కువ నమూనాల్లోనే. మందు పనిచేయలేదని తేల్చారు. ఒంట్లోకి వెళ్లని మందు ఎలా పనిచేస్తుంది?

కాబట్టి అవును, కాదు అని చెప్పే ప్రశ్న అడగొద్దు. అంకె అడగండి. నేను పంపేది రెండే మాటలు: "వారం లెక్క?" దానికి జవాబు, ఆ వారంలో మాత్ర పడని రోజులెన్ని అన్న అంకె. ఒక్కటీ తప్పకపోతే సున్నా. ఎన్ని వేసుకున్నారని అడిగితే ఏడు అనడం గొప్పగా ఉంటుంది. ఎన్ని తప్పాయని అడిగితే, తప్పడం మామూలేనని మనమే ముందు ఒప్పుకున్నట్టు. అప్పుడు రెండో మూడో నిజంగా చెబుతారు. ఈ ఏర్పాటు మొదటిరోజే ఎదురుగా కూర్చుని చెప్పాలి. హఠాత్తుగా "వారం లెక్క?" అని వస్తే చీటీల పాట మెసేజ్ అనుకుంటారు.

రోజు గురువారం. సోమవారం అందరికీ పని మొదలు, శనివారం కొందరికి ఉపవాసం, కొందరికి తాగుడు, ఆదివారం ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. సాయంత్రం నాలుగు గంటలకి, ఇంట్లో జనం తక్కువున్నప్పుడు. ఎస్సెమ్మెస్సే పంపండి. తెలుగు లిపిలో 70 అక్షరాలు దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది, కొన్ని బటన్ ఫోన్లలో డబ్బాలు కనిపిస్తాయి, అందుకే చిన్నగా ఉండాలి. వాట్సాప్ తప్పనిసరైతే ఆ చాట్‌కి లాక్ వేసి, మెసేజ్‌లు వాటంతటవే పోయేలా పెట్టండి. సంస్థ తరఫున కంప్యూటర్ నుంచి ఒకేసారి పంపాలంటే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్టర్లో నమోదు చేసి, మెసేజ్ నమూనాకి అనుమతి తీసుకోవాలి. పైగా పంపినవాళ్ల చోట సంస్థ పేరు పొట్టిగా పడుతుంది. ఎయిడ్స్ పనికి పేరున్న సంస్థ అయితే, లోపల ఏం రాసినా, ఆ పేరే ఇంట్లో రచ్చ పెడుతుంది.

ఇక జవాబు రాకపోతే? రెండు రోజులు చూసి మనిషే ఫోన్ చేయాలి. కంప్యూటర్ కాదు, మీరే. జవాబు రాలేదంటే మాత్ర మానేశారని కాదు. రీచార్జ్ అయిపోయి ఉండొచ్చు, ఫోన్ తాకట్టులో ఉండొచ్చు, భర్త చేతిలో ఉండొచ్చు. వేరేవాళ్లు ఎత్తితే "రాంగ్ నంబరండీ" అని పెట్టేయండి. కథలు అల్లొద్దు, మళ్లీ మళ్లీ చేయొద్దు. తనే ఎత్తితే మొదటి మాట "మాట్లాడొచ్చా అన్నా?" లేదా "వీలేనా అక్కా?" అంతే. వీల్లేదంటే మళ్లీ ఎప్పుడో అడిగి పెట్టేయాలి.

ఈ ఫోన్ పని దండగ, అన్నీ ఆటోమేటిక్‌గా చేయొచ్చు అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. చికిత్స తీసుకునే హెచ్‌ఐవీ రోగుల మీద రెండు అధ్యయనాలున్నాయి, చదవండి. కెన్యాలో వారానికోసారి "ఎలా ఉన్నారు?" అని మెసేజ్ పంపి, ఇబ్బంది ఉందన్నవాళ్లకీ 48 గంటల్లో జవాబివ్వనివాళ్లకీ ఫోన్ చేసి మాట్లాడారు. 2010లో వచ్చిన ఫలితాల్లో మందు సరిగ్గా వేసుకున్నవాళ్లు 62 శాతం, మెసేజ్ లేనివాళ్లలో 50. మన దక్షిణ భారతంలోనే 631 మందితో జరిగి 2014లో వచ్చినదాంట్లో వారానికో ఆటోమేటిక్ వాయిస్ కాల్, దాంతోపాటు ఓ బొమ్మ మెసేజ్. చికిత్స ఫలితంలో తేడా ఏమీ కనబడలేదు. రెండూ అచ్చంగా ఒకేరకం అధ్యయనాలు కావు, కారణాలు వేరే కూడా ఉండొచ్చు. నా లెక్క మాత్రం ఒకటే, అవతల మనిషి ఉన్నాడని తెలిస్తేనే మనిషి జవాబిస్తాడు.

6. అంకె వచ్చాక

సున్నా వస్తే "సరే" అని పంపి వదిలేయండి. పొగడ్తలొద్దు, పొగిడితే వచ్చేవారం రెండు తప్పినా సున్నానే వస్తుంది. ఒకటి, రెండు వస్తే "ఏ రోజు?" అని అడగండి. చాలామందికి ఎప్పుడూ అదే రోజు తప్పుతుంది: సంత రోజో, అత్తారింటికి వెళ్లిన రోజో. ఆ రోజుకి వేరే ఏర్పాటు చేస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

మూడు, అంతకన్నా ఎక్కువ వస్తే ఫోన్ చేయండి. తిట్టొద్దు. తిడితే వచ్చే వారం నుంచి ఆ నంబరు మోగదు. కండోమ్ తప్పనిసరని చెప్పండి, డాక్టరుకి చూపించండి. చాలా రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టాలంటే ముందు హెచ్‌ఐవీ పరీక్ష. ఈలోపు సోకి ఉంటే రెండు మందులే ఉన్న ఈ మాత్ర చాలదు, వైరస్ మందుకి మొండికేస్తుంది. మాత్ర వేసుకోని రోజుల్లో రక్షణ లేకుండా కలయిక జరిగితే 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా, ఆస్పత్రికి పంపించాలి. దానికి వేరే మందుల కోర్సు ఉంది. గురువారం దాకా ఆగే విషయం కాదని మొదటిరోజే చెప్పి ఉంచండి.

ఒక జాగ్రత్త. మగవాళ్లు, ట్రాన్స్ మహిళల మీద జరిగిన ఒక అధ్యయనంలో, వారానికి నాలుగు, ఆపైన మాత్రలు పడినవాళ్లలో ఎవరికీ హెచ్‌ఐవీ సోకలేదు. ఈ సంగతి మీరు తెలుసుకోండి, ఫోన్లో చెప్పకండి. నాలుగు చాలని విన్నవాళ్లు మూడు వేసుకుంటారు. ఆడవాళ్లకైతే రోజూ ఒకటి అన్న మాట తప్ప ఇంకో లెక్కే ఎత్తొద్దు.

7. తారీఖులు

సీసాలో 30 ఉంటాయి. ఇరవయ్యో రోజుకి ఇంకో అలారం, పేరు "గ్యాస్ బుక్". మొదలుపెట్టిన నెలకి ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష, అదీ ఫోన్ క్యాలెండర్లో పడాలి. ఏ ఊరికి వెళ్లినా ఎక్కడ అడగాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

మాత్ర ఇక అవసరం లేదనుకుంటే డాక్టరుతో మాట్లాడి ఆపాలి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లయితే అసలు సొంతంగా ఆపకూడదు, లివర్ దెబ్బతింటుంది. ఆపిన రోజే అలారాలు తీసేయండి, గురువారం లిస్టులోంచి నంబరు కొట్టేయండి, రెండు ఫోన్లలోనూ ఆ మెసేజ్‌లు డిలీట్ చేయండి.