ప్రయోగశాల బల్ల మీద కంప్యూటర్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

గ్లవ్స్ వేసుకుంటే ట్యాబ్లెట్ స్పందించదు

కెపాసిటివ్ తెరకు, అంటే వేలి విద్యుత్ ప్రభావంతో స్పర్శను గుర్తించే తెరకు, పల్చని నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లవ్ ఒక్కటైతే సాధారణంగా అడ్డు కాదు గానీ, ఒకదానిపై ఒకటి వేసుకుంటే స్పర్శ అందకపోవచ్చు. నీటి చుక్క పడితే దాన్నే వేలుగా పొరబడుతుంది. గ్లవ్ మోడ్ ఉంటే ఆన్ చేసి, తెరను పొడిగా తుడిచి, బటన్లను పెద్దవి చేయాలి. గ్లవ్ తీసి తాకడం మాత్రం పరిష్కారం కాదు, ఎందుకంటే అదే తెరను అంతకుముందు ఎవరో నమూనాలు పట్టుకున్న గ్లవ్‌తోనే తాకి ఉంటారు.

బార్‌కోడ్ స్కానర్ బీప్ అంటుంది, కోడ్ వేరే గడిలో పడుతుంది

చాలా స్కానర్లను కంప్యూటర్ కీబోర్డుగానే గుర్తిస్తుంది కనుక, కర్సర్ ఎక్కడ ఉంటే కోడ్ అక్కడే పడుతుంది. కోడ్‌ను చదవడం పూర్తయిందని మాత్రమే బీప్ చెబుతుంది. స్కానర్ సెట్టింగుల్లో ప్రతి కోడ్‌కు ముందు ఒక ప్రత్యేక గుర్తు చేర్చి, ఆ గుర్తు రాగానే కర్సర్‌తో నిమిత్తం లేకుండా ప్రోగ్రామే కోడ్‌ను అందుకొనేలా రాయాలి.

96 వెల్స్ ప్లేటులో కంట్రోల్ (పోలిక కోసం ఉంచే నమూనా) విలువలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి

వీటన్నిటిలో ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు. ప్లేటులో వెల్స్, అంటే నమూనాలు పోసే చిన్న గుంటలు, 8 అడ్డు వరుసలుగా, 12 నిలువు వరుసలుగా ఉంటాయి. వెల్స్‌ను కొలిచే పరికరమైన రీడర్ విలువలను నిలువుగా రాసి ఇస్తే, ప్రోగ్రామ్ అడ్డంగా చదువుకుంటుంది. ఎలా చదివినా అంకెలు 96 కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. విలువలను వరుస క్రమాన్ని బట్టి కాక వెల్ పేరును బట్టి జతపరచాలి. అంతకుముందే వెల్ పేర్లలో ఎ1, ఎ01 వంటి తేడాలను ఒకే రూపానికి తేవాలి. ఆపై ఎ వరుసలోని 12 వెల్స్‌లో మాత్రమే రంగు ద్రావణం పోసి చదివించాలి. తెర మీద పై వరుస నిండితే అమరిక సరైనదే. కింది వరుస నిండితే ప్లేటును తిప్పి పెట్టారని అర్థం. రంగు అక్కడక్కడా చెదిరితే చదివే క్రమం తప్పినట్టే.

జూపిటర్ నోట్‌బుక్‌లో నిన్నటి ఫలితం ఇవాళ రాదు

జూపిటర్ నోట్‌బుక్‌లో ప్రోగ్రామును సెల్స్ అనే చిన్న భాగాలుగా రాసి, ఒక్కొక్కటిగా నడుపుతారు. సెల్స్‌ను వరుస తప్పించి నడిపినప్పుడు, చెరిపేసిన సెల్ ఇచ్చిన విలువ కూడా మెమరీలో మిగిలి ఉంటుంది. ఫలితాన్ని నమోదు చేసే ముందు కెర్నల్‌ను (సెల్స్‌ను నడిపి, విలువలను మెమరీలో ఉంచే ప్రోగ్రామును) రీస్టార్ట్ చేసి, సెల్స్ అన్నిటినీ పైనుంచి నడపాలి. అయితే పరికరానికి ఆదేశమిచ్చే సెల్ అదే నోట్‌బుక్‌లో ఉంటే, అది పంపునో హీటరునో మళ్లీ నడిపించవచ్చు. అందువల్ల కొలతను వేరే ప్రోగ్రామ్‌తో తీసి ఫైల్‌లో దాచి, నోట్‌బుక్ ఆ ఫైల్‌ను మాత్రమే చదివేలా చూసుకోవాలి.