క్యూఎస్ఓ కన్ఫర్మ్ కావడం లేదా? ముందు గడియారం చూడండి

హామ్ రేడియోలో, అంటే సరదాకి లైసెన్స్ తీసుకుని నడిపే రేడియోలో, ఒక స్టేషన్‌తో మాట్లాడాం. రిగ్, అంటే రేడియో సెట్టు, బాగానే పనిచేసింది. సిగ్నల్ స్పష్టంగా, బలంగా ఉందని అవతలి స్టేషన్ 59 రిపోర్టు ఇచ్చింది. కాల్ సైన్, అంటే స్టేషన్ గుర్తింపు పేరు, రెండుసార్లు చెప్పించుకుని మరీ ఫోన్‌లోని లాగింగ్ యాప్‌లో ఎక్కించాం. నెలలు గడిచినా ఆ క్యూఎస్ఓ, అంటే ఆ కాంటాక్ట్, కన్ఫర్మ్ కాదు. కొత్తగా లైసెన్స్ వచ్చిన హామ్‌లు "అవతలివాళ్లు లాగ్ పంపలేదేమో" అని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు వాళ్లు పంపే ఉంటారు. తప్పు మన ఫోన్‌లో ఉంటుంది.

అమెరికాలోని హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ నడిపే ఆన్‌లైన్ సేవ లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్, మనవాళ్ల మాటల్లో ఎల్ఓటీడబ్ల్యూ, ఇద్దరి లాగులనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. కాల్ సైన్లు, బ్యాండ్ (వాడిన పౌనఃపున్యాల శ్రేణి), మోడ్ (మాటలా, డేటానా వంటి పంపే పద్ధతి) కలవాలి. ఇద్దరు రాసిన సమయాల మధ్య తేడా 30 నిమిషాలు దాటకూడదు. 59 బదులు 57 రాశామే అని టెన్షన్ పడక్కర్లేదు, సిగ్నల్ రిపోర్టు పోల్చదు.

లక్షణం: ఒక్కటి కూడా కన్ఫర్మ్ కావడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ గడియారమే. హామ్ లాగ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాస్తారు. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. రాత్రి 9 గంటలకు మాట్లాడితే లాగులో 15:30 పడాలి. యాప్ సెట్టింగ్స్‌లో లోకల్ టైమ్ అని ఉంటే 21:00 పడుతుంది. ఇక ఆ లాగు ఎవరితోనూ కలవదు.

సరిచేయడం తేలికే. సెట్టింగ్ మార్చి, పాత ఎంట్రీలన్నిటినీ ఒకేసారి 5:30 వెనక్కి జరపండి. యాప్‌లో ఆ సౌకర్యం లేకపోతే ఫైలును కంప్యూటర్‌లోని లాగింగ్ ప్రోగ్రామ్‌లో తెరిచి జరపవచ్చు. తర్వాత మళ్లీ అప్‌లోడ్ చేయండి. ముందు పంపిన తప్పు ఎంట్రీలను ఎల్ఓటీడబ్ల్యూ నుంచి తీసేయలేం. అవి ఎవరితోనూ కలవకుండా అలా పడి ఉంటాయి, వాటివల్ల నష్టం లేదు.

జరిపేటప్పుడు తేదీ మర్చిపోవద్దు. తెల్లవారుజామున 4:45కి మాట్లాడితే యూటీసీలో అది ముందు రోజు 23:15. ఈ దెబ్బ నాకు ఇంకో రూపంలో తగిలింది. పార్కుల నుంచి స్టేషన్ నడిపే పోటా కార్యక్రమంలో లెక్కకు రావాలంటే ఒకే యూటీసీ రోజులో కనీసం 10 క్యూఎస్ఓలు ఉండాలి. 40 మీటర్ల బ్యాండ్ తెల్లవారుజామున బాగా తెరుచుకుంటుందని, అంటే దూరాలు అందుతాయని, చీకట్లోనే వెళ్లి కూర్చున్నాను. 13 దొరికాయి, ఉత్సాహంగా ఇంటికి వచ్చాను. లాగు చూస్తే 5:30కి ముందు ఆరు, తర్వాత ఏడు. రెండు రోజుల్లో ఏ ఒక్కదానికీ పది లేవు! యూటీసీ తెలియక కాదు, బండి స్టార్ట్ చేసే ముందు ఒక్కసారి లెక్క చూసుకోక. ఇప్పుడు ఫోన్ తెర మీద యూటీసీ గడియారం పెట్టుకున్నాను.

లక్షణం: కొన్ని కన్ఫర్మ్ అవుతున్నాయి, కొన్ని కావడం లేదు

ఇక్కడ గడియారాన్ని వదిలేసి బ్యాండ్, మోడ్ చూడండి. చాలా యాప్‌లు చివరిసారి వాడిన బ్యాండ్‌నే అలాగే ఉంచేస్తాయి. 40 మీటర్ల నుంచి 20 మీటర్లకు క్యూఎస్‌వై అయ్యాం, అంటే మారాం. యాప్ మాత్రం 40లోనే ఉండిపోయింది. కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే ఎఫ్‌టీ8 మోడ్‌లో ఇంకో చిక్కు. ఆ మోడ్ నడిచేటప్పుడు రిగ్ యూఎస్‌బీలో, అంటే మాటలకు వాడే ఎస్‌ఎస్‌బీ మోడ్‌లోని ఒక రకంలో, ఉంటుంది కదా, దాన్ని చూసి లాగులో ఎస్‌ఎస్‌బీ అని పెట్టేస్తారు. పెట్టాల్సింది ఎఫ్‌టీ8.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్‌తో, అంటే విన్నదాన్ని మళ్లీ ప్రసారం చేసే పరికరంతో, చేసినవి కలవకపోతే ఉపగ్రహం వివరాలు లేవన్నమాట. మనం పంపేది 145.990 మెగాహెర్ట్జ్‌లో, వినేది 437.800లో. పంపిన బ్యాండ్, విన్న బ్యాండ్ విడివిడిగా ఉండాలి, ప్రోపగేషన్ (సిగ్నల్ ఎలా చేరింది) దగ్గర ఉపగ్రహం అని ఎంచుకోవాలి. ఉపగ్రహం పేరు చేత్తో టైపు చేయకుండా జాబితా నుంచే తీసుకోండి. ఎల్ఓటీడబ్ల్యూ దాన్ని ఏఆర్ఐఎస్‌ఎస్ పేరుతో గుర్తిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే కాల్ సైన్ తప్పు విన్నారని అనుమానించాలి. ఎస్‌ఎస్‌బీలో గొంతులోని పై పౌనఃపున్యాలు కోసుకుపోతాయి, అందుకే ‘ఎస్’, ‘ఎఫ్’ ఒకేలా వినిపిస్తాయి. సియెర్రా, ఫాక్స్‌ట్రాట్ అని ఫొనెటిక్స్‌లో, అంటే అక్షరానికో పదంగా, చెప్పించుకోవడానికి మొహమాటపడకండి. ఫోన్ కీబోర్డులో ఆటో కరెక్ట్ కూడా ఆపేయండి, సున్నాను ‘ఓ’గా కొట్టలేదు కదా చూడండి.

లక్షణం: కార్డు రాలేదు, కానీ లాగులో అన్నీ "క్యూఎస్ఎల్ వచ్చింది" అని చూపిస్తోంది

ఇది మాటల గందరగోళం. గాలిలో "క్యూఎస్ఎల్" అంటే మీరు చెప్పింది అందింది అని. లాగులో అదే మాటకు కాంటాక్ట్‌ను ధ్రువీకరించే కార్డో, ఎలక్ట్రానిక్ ధ్రువీకరణో చేతికి వచ్చిందని అర్థం. అవతలివారు "క్యూఎస్ఎల్, 73" (73 అంటే శుభాకాంక్షలు) అనగానే టిక్ పెట్టేస్తే ఇలా అవుతుంది. ఆ టిక్కులన్నీ తీసేయండి. ఇలాంటి క్యూ కోడ్‌లలోనే క్యూటీహెచ్ అంటే మన ఊరు. క్యూఆర్ఎం అంటే వేరే స్టేషన్ల అడ్డు, క్యూఆర్ఎన్ అంటే ఉరుముల్లాంటి సహజమైన గరగర. ఈ రెండూ తారుమారైనా కొంప మునగదు.

లక్షణం: పాత క్యూఎస్ఓలన్నీ కొత్త కాల్ సైన్‌తో వెళ్లిపోయాయి

మన దేశంలో వీయూ3తో మొదలైన కాల్ సైన్, జనరల్ గ్రేడ్ పాసయ్యాక వీయూ2 అవుతుంది. యాప్‌లో స్టేషన్ ప్రొఫైల్‌లో పాతదాన్ని తుడిచి కొత్తది రాస్తే ఈ తిప్పలు. పాత ప్రొఫైల్ అలాగే ఉంచి, కొత్తది వేరుగా చేసుకోండి. కాల్ సైన్ చివర స్లాష్ పీ (పోర్టబుల్) పెట్టి బయట నడిపినప్పుడూ అంతే. ఎల్ఓటీడబ్ల్యూకి అది వేరే కాల్ సైన్, దానికి వేరే సర్టిఫికెట్ అడగాలి.

వేరే ప్రొఫైల్ అన్నాక గ్రిడ్, అంటే భూమ్మీద మన చోటును చెప్పే గడి కోడ్, కూడా చూసుకోండి. హైదరాబాద్ ఎంకే97లో ఉంది. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటితే మొదటి అక్షరమే మారిపోతుంది, అందుకే ఖమ్మం ఎన్‌కే07.

లక్షణం: ఎగుమతి చేసిన ఫైలును అవతల ప్రోగ్రామ్ తీసుకోవడం లేదు

లాగును ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి చేర్చే ఏడీఐఎఫ్ ఫైలులో ప్రతి వివరం ముందు దానిలో ఎన్ని అక్షరాలున్నాయో అంకె ఉంటుంది. ఆరక్షరాల కాల్ సైన్‌ను నోట్‌ప్యాడ్‌లో ఏడుగా దిద్ది, అంకె 6గానే వదిలేస్తే చివరి అక్షరం తెగిపోతుంది. దిద్దడమేదో యాప్‌లోనే చేసి మళ్లీ ఎగుమతి చేయండి. పేరు గడిలో తెలుగు రాస్తే కూడా ఇబ్బందే. ఏడీఐఎఫ్‌లో మామూలు రకమైన ఏడీఐ ఫైలు ఇంగ్లీషు అక్షరాలకే తయారైంది, తెలుగు పేర్లు అవతల ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. నేను తెలుగులో రాయాలనుకున్నవి పక్కనే ఉన్న కాగితం పుస్తకంలో రాసుకుంటాను.