షాట్ లిస్టులో ‘ఎందుకు’ అనే గడి కూడా పెట్టండి

స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నవాళ్లకి ఒక మాట. షాట్ లిస్టులో, అంటే తీయాల్సిన షాట్ల పట్టికలో, మామూలుగా క్లోజప్, వైడ్, లెన్స్ ఇవే రాస్తాం. పక్కన ఇంకో గడి గీసి, ఆ షాట్‌ని అలాగే ఎందుకు తీయాలో ఒక్క వాక్యం రాయండి. ‘బాగుంటుంది’ అని రాస్తే లెక్కలోకి రాదు. ‘ఆమె చెప్పేది అబద్ధమేమో అని ప్రేక్షకుడికి అనుమానం రావాలి, అందుకే ముఖం కాకుండా చేతులు చూపిస్తున్నాం’ అన్నంత స్పష్టంగా ఉండాలి.

దీని విలువ షూటింగ్ రోజున తెలుస్తుంది. వెలుతురు పోతుంటుంది, ఇంకా కొన్ని షాట్లు మిగిలే ఉంటాయి, అందరికీ టెన్షన్. అప్పుడు ఏది వదిలేయొచ్చో ఆ గడి చూస్తే తేలిపోతుంది. రెండు షాట్లకి ఒకే కారణం ఉంటే ఒకటి తీసేయండి. 180 డిగ్రీల గీత దాటాలన్నా అంతే, కారణం ఉండాలి. ఆ గీత అంటే రెండు పాత్రలని కలుపుతూ ఊహించుకునే గీత, కెమెరా మామూలుగా దానికి ఒకే పక్కన ఉంటుంది. పాత్రల మధ్య బంధం తలకిందులయ్యే చోట దాటితే ఆ తికమక కథకి పనికొస్తుంది. ఊరికే దాటితే ఎవరు ఎటు చూస్తున్నారో కూడా అర్థం కాదు.

ఎడిటింగ్‌లో మొదటి కట్‌ని, అంటే షాట్లని వరసగా కలిపిన తొలి రూపాన్ని, ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. రాసుకున్న కారణం తెరమీద కనిపించకపోతే, ఎంత కష్టపడి తీసిన షాటైనా పక్కన పెట్టాల్సిందేనని నా అభిప్రాయం. మధ్యలో కారణం మారితే పాతది చెరిపేయకండి, కొట్టేసి పక్కన కొత్తది తేదీతో రాయండి. మీ ఎంపికల గురించి రిపోర్టు రాయమన్నప్పుడు సగం విషయం అందులోనే దొరుకుతుంది.