విదేశంలో ఉండి ఇంటి బిల్లులు కడుతున్నారా? డబ్బు ఎక్కడ ఆగుతుందో చూడండి

నేనుండేది డాలస్‌లో. గుంటూరులో అమ్మావాళ్ల ఇంటి బిల్లులు, కూకట్‌పల్లిలో ఫ్లాట్ మెయింటెనెన్స్ తొమ్మిదేళ్లుగా నేనే కడుతున్నాను. డబ్బు లేక బిల్లు ఆగిన సందర్భం ఒక్కటీ లేదు. ఫోన్ నంబరు పని చేయకో, ఖాతా రకం వేరయ్యో, ఎక్కడో ఒక అంకె తప్పో ఆగిపోతుంది. కాబట్టి ముందే ఒక మాట చెప్తాను: ఖాతాలో డబ్బు కట్ అయి అవతల పడకపోతే, టెన్షన్‌లో వెంటనే రెండోసారి కట్టేయకండి. మొదటిది ఎక్కడుందో తేల్చుకోండి.

ఓటీపీ రావట్లేదు

అందరికీ ముందు ఎదురయ్యేది ఇదే. ఇండియా సిమ్ రీఛార్జ్ అయిపోయి ఉంటుంది, లేదా రోమింగ్ ఆన్ చేయించకుండానే విమానం ఎక్కేసి ఉంటాం, లేదా సిమ్ తీసి పాత ఫోన్లో వేసి అమ్మ చేతికిచ్చి వచ్చేసి ఉంటాం. ఈ మూడోది చాలామంది చేస్తారు, నేనూ రెండేళ్లు చేశాను, దయచేసి మీరు చేయకండి. ఫోన్లో ఓటీపీ చదివి చెప్పడం అమ్మకి అలవాటైపోతే, రేపు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం అని ఎవడు ఫోన్ చేసినా అలాగే చదివి చెప్పేస్తుంది.

సిమ్ మీ దగ్గరే ఉంచుకోండి. రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించి, రీఛార్జ్ గడువు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. రోమింగ్‌లో మెసేజ్ రావడానికి మామూలుగా డబ్బులు పడవు. 90 రోజులు అసలు వాడకుండా వదిలేస్తే మాత్రం ఆ నంబరు పోయి, కొన్నాళ్లకి ఇంకొకరి చేతికి వెళ్తుంది, అప్పటికి అది మీ బ్యాంకు ఖాతాకి ఇంకా లింక్ అయి ఉంటే అదో పెద్ద తలనొప్పి.

ఇంకో దారి ఉంది. 2023 నుంచి ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన పంపుకునేది), ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునేది) ఖాతాలకి విదేశీ నంబరుతోనే యూపీఐ పెట్టుకునే వీలు వచ్చింది. మొదటి జాబితాలో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. మన రాజంపేట, కడప వైపు నుంచి అంతమంది వెళ్లిన కువైట్ అందులో లేదు. మీ బ్యాంకు, మీరు వాడే యాప్, రెండూ దీన్ని ఒప్పుకోవాలి, ముందు అది కనుక్కోండి.

డబ్బు కట్ అయింది, అవతల పడలేదు

ఎలా పంపారన్న దాన్నిబట్టి ఉంటుంది. నెఫ్ట్ అయితే అరగంటకో బ్యాచ్‌లో వెళ్తుంది, 2019 డిసెంబరు నుంచి ఆదివారాలు, పండగలు, అర్ధరాత్రి అన్న తేడా లేదు. ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లో అవతల పడాలి, లేదా వెనక్కి రావాలి. కాబట్టి పది నిమిషాలకే కంగారు వద్దు. ఐఎంపీఎస్ అయితే అప్పటికప్పుడే పడాలి. పడకపోతే మర్నాటికల్లా మీ ఖాతాకి తిరిగి రావాలి, అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. ఫిర్యాదులో ఈ మాట రాయండి, తేదీ, యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా రాయండి. ఆ నంబరు లేకుండా కస్టమర్ కేర్‌తో ఎంతసేపు మాట్లాడినా పని జరగదు.

సక్సెస్ అని చూపించి, యూటీఆర్ కూడా వచ్చి, అవతలివాళ్లు మాత్రం రాలేదంటే, ఖాతా నంబరు తప్పేమో చూడండి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్‌లో గానీ, ఆర్‌టీజీఎస్‌లో (పెద్ద మొత్తాలు పంపే పద్ధతి) గానీ పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం ఉండాలని నిబంధన వచ్చింది. పేరు చూడకుండా ఓకే నొక్కకండి.

అసలు పోనే పోకపోతే ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు బ్రాంచి కోడ్) పాతదై ఉండొచ్చు. మనవైపు ఇది మరీ ఎక్కువ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పాత కోడ్‌లు ఏడాదికి ఆగిపోయాయి, కానీ పనమ్మాయి, వాచ్‌మన్ తెచ్చి చూపించే పాస్‌బుక్కుల్లో ఇప్పటికీ అవే ఉంటాయి. 2025 మే 1న ఏపీలో నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటయ్యాయి. కాబట్టి పాస్‌బుక్ ఫోటో అడిగేటప్పుడు కొత్తదేనా అని కూడా అడగండి.

కరెంటు బిల్లు కట్టాను, అయినా ఫ్యూజు పీకడానికి వచ్చారు

ఒక మే నెలలో అమ్మ ఫోన్ చేసింది, లైన్‌మన్ గేటు దగ్గర నిలబడ్డాడని. నా దగ్గర రసీదు ఉంది, డబ్బూ కట్ అయింది. అమ్మని బిల్లు కాగితం కెమెరాకి దగ్గరగా పెట్టమన్నాను. ఎండకి వెలిసిపోయిన కాగితం, సర్వీసు నంబరులో చివరి నుంచి మూడో అంకె 8, నేను యాప్‌లో కొట్టింది 3. పైసలు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల సర్వీసుకి జమయ్యాయి. అప్పటికప్పుడు మా బిల్లు కట్టి కరెంటు నిలబెట్టుకున్నాను. తర్వాత బావ రెండు రసీదులు, ఒక అర్జీ పట్టుకుని ఈఆర్‌ఓ ఆఫీసుకి (కరెంటు బిల్లుల లెక్కలు చూసేది) వెళ్లాడు, ఆ మొత్తం మా తర్వాతి బిల్లుల్లో సర్దారు. మీకూ ఇలా జరిగితే యాప్‌లో ఫిర్యాదు పెట్టి ఊరుకోకండి, కాగితాలిచ్చి ఊళ్లో ఉన్న మనిషిని పంపండి.

నంబరు సరిగ్గానే ఉంటే తేదీ చూసుకోండి. ఆఖరి తేదీ అన్నది ఇండియా లెక్క. అక్కడ అర్ధరాత్రి 12 అయ్యేసరికి డాలస్‌లో వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 12:30. ఆఫీసు నుంచి వచ్చి తీరిగ్గా కడదాం అనుకుంటే గడువు దాటిపోయినట్టే. కట్టిన డబ్బు వాళ్ల లెక్కల్లో ఎక్కడానికి కూడా ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, నేను నాలుగు రోజుల ముందే కట్టేస్తాను.

హైదరాబాద్‌లో అయితే కరెంటుకి మీటరు మీది సర్వీసు నంబరు కాదు, బిల్లు మీద విడిగా ఉండే యూఎస్‌సీ నంబరు కొట్టాలి. నీళ్ల బిల్లుకి క్యాన్ నంబరు, ఇంటి పన్నుకి పీటీఐఎన్. మూడూ ఒకచోట రాసుకోండి.

ఖాతా ఇనాపరేటివ్ అంటోంది

రెండేళ్లపాటు మీ అంతట మీరు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా ఆపేస్తారు. వడ్డీ జమ కావడం లావాదేవీ కింద లెక్కకు రాదు. కేవైసీ మళ్లీ ఇస్తే తెరుస్తారు, కొన్ని బ్యాంకుల్లో వీడియో కాల్‌లోనే అయిపోతుంది. అక్కడే ఇంకోటి బయటపడుతుంది: చదువుకునే రోజుల్లో తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతానే ఇంకా వాడుతున్నారని. విదేశంలో స్థిరపడ్డాక దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్చాలన్నది ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధన. బ్యాంకు అడిగేదాకా ఆగకుండా మీరే మార్పించుకోండి. ఫ్లాట్ అద్దె కూడా ఎన్‌ఆర్‌ఓలోనే వేయించుకోండి, ఎన్‌ఆర్‌ఈ నంబరిస్తే తిరిగి వెళ్లే అవకాశమే ఎక్కువ. నాన్ననో, అక్కనో ఆ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకి మ్యాండేట్ హోల్డరుగా (మీ తరఫున ఖాతా నడిపేందుకు బ్యాంకులో రాసిచ్చిన మనిషిగా) పెట్టుకుంటే స్థానిక చెల్లింపులు వాళ్లు చేయగలరు. మీ ఓటీపీతో పని లేకుండా, వాళ్ల పేరు మీదే, పద్ధతిగా.

ఆటోపే (బిల్లు దానంతటదే కట్టే ఏర్పాటు) పెట్టుకున్నా ఆగిపోతే బిల్లు మొత్తం చూడండి. 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది, అపార్ట్‌మెంట్ వాళ్లు మూడు నెలల మెయింటెనెన్స్ ఒకేసారి వేసినప్పుడు ఇలాగే అవుతుంది. నెలనెలా వేయమని అసోసియేషన్‌ని అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు.