లినక్స్‌లో మీ డెస్క్‌టాప్ వెర్షన్ ఎంత? ఇలా చూడాలి

బెంగళూరు మారతహళ్లిలో మేముండే పీజీలో ఎవరో ఒకరు లాప్‌టాప్ పట్టుకుని నా గదికి వస్తూనే ఉంటారు. "అన్నా, ఈ ఎక్స్‌టెన్షన్ పడట్లేదు." డెస్క్‌టాప్ వెర్షన్ ఎంత అని అడిగితే "ఉబుంటు 22.04" అంటారు. అది ఉబుంటు అనే లినక్స్ నంబరు. దాంతోపాటు వచ్చే డెస్క్‌టాప్ పేరు గ్నోమ్, దాని నంబరు 42. ఉబుంటు 24.04లో అయితే 46. ఎక్స్‌టెన్షన్ అంటే డెస్క్‌టాప్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్, దానికి కావాల్సింది ఈ గ్నోమ్ నంబరే.

కమాండ్లు కొట్టే విండో, అంటే టెర్మినల్ తెరవండి. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే వస్తుంది.

ఇక్కడే అందరూ తొందరపడతారు. ముందు పేరు తేల్చుకోవాలి, నంబరు తర్వాత. చిన్న అక్షరాల్లో ఎకో, ఒక స్పేస్, డాలర్ గుర్తు, దానికి ఆనుకుని క్యాపిటల్స్‌లో ఎక్స్‌డీజీ అండర్‌స్కోర్ కరెంట్ అండర్‌స్కోర్ డెస్క్‌టాప్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఉబుంటులో మామూలుగా "ఉబుంటు కోలన్ గ్నోమ్" అని వస్తుంది.

ఇదెందుకని వదిలేస్తే ఏమవుతుందో చెప్తాను. మా తమ్ముడొకడు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాడు. షాపువాళ్లు అందులో గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ రెండూ వేసిచ్చారు. వీడు నేరుగా గ్నోమ్ వెర్షన్ అడిగితే 46 అని వచ్చింది. ఇంకేం, రాత్రంతా గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లతో కుస్తీ. పొద్దున నేను చూస్తే మెనూ బటన్ మీద ఎలుక బొమ్మ! అది ఎక్స్‌ఎఫ్‌సీఈ గుర్తు, నడుస్తున్నది అదే. వెర్షన్ కమాండ్ డిస్కులో ఉన్న ప్రోగ్రామ్ నంబరు చెబుతుందే గానీ, మీ స్క్రీన్ మీద ఏది నడుస్తోందో దానికి పట్టదు.

ఆ ఎకో లైను కూడా మీరు కూర్చున్న మెషీన్‌లో, మీ లాగిన్‌లోనే కొట్టండి. ఆఫీసు నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి టెర్మినల్ ద్వారా లాగిన్ అయ్యి కొడితే సాధారణంగా ఖాళీ లైనే వస్తుంది. అప్‌డేట్ వేసిన వెంటనే కూడా చూడొద్దు. డిస్కులో కొత్తది ఉంటుంది, నడిచేది ఇంకా పాతదే. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

పేరు తేలాక నంబరు నిమిషం పని. గ్నోమ్ అయితే గ్నోమ్, హైఫన్, షెల్, స్పేస్, రెండు హైఫన్లు, వెర్షన్. కేడీఈ, సినమన్ కూడా ఇలాంటి డెస్క్‌టాప్‌లే. కేడీఈ అయితే మొదట్లో ప్లాస్మాషెల్, మధ్యలో హైఫన్ లేకుండా ఒకే మాటగా. సినమన్‌కు సినమన్ అంటే చాలు. ఎక్స్‌ఎఫ్‌సీఈకి ఎక్స్‌ఎఫ్‌సీఈ4, హైఫన్, సెషన్. చివర రెండు హైఫన్లు, వెర్షన్ అన్నిటికీ మామూలే. గ్నోమ్ 3.38 తర్వాత 2021లో వచ్చింది 40, మధ్యలో ఏదో పోయిందని టెన్షన్ పడకండి.

సిస్టమ్ వివరాలన్నీ చూపించే నియోఫెచ్ వాడొచ్చుగా అంటారు. రంగుల లోగో బాగానే ఉంటుంది, కానీ ఆ ప్రాజెక్టును 2024లో ఆర్కైవ్ చేసేశారు. నా దగ్గర అది చెల్లదు.

కేడీఈ వాళ్లకు సిస్టమ్ సమాచారం పేజీలో ప్లాస్మా, ఫ్రేమ్‌వర్క్స్, క్యూటీ, కెర్నల్ అని వరసగా నంబర్లుంటాయి. కేడీఈ డెస్క్‌టాప్ పేరే ప్లాస్మా, దాని ఎదురుగా ఉన్నదొక్కటే చదవండి. క్యూటీ నంబరు చదివి వినిపిస్తే మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది.