ఓటీపీ రావడం లేదా? మెసేజ్ ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

ఓటీపీ రాకపోతే చాలామంది వెంటనే ‘రీసెండ్’ నొక్కుతూ పోతారు. దయచేసి ఆ అలవాటు మానండి. చాలా సైట్లలో కొత్త ఓటీపీ అడగగానే పాతది చెల్లకుండా పోతుంది. తీరా మొదటిది ఆలస్యంగా వస్తే దాన్నే కొడతాం, తప్పు అంటుంది. అలా కొన్నిసార్లు జరిగితే అకౌంట్ కాసేపు లాక్ అయిపోవచ్చు, టెన్షన్ రెట్టింపవుతుంది.

ఎస్ఎమ్ఎస్ పంపినవారి దగ్గర్నుంచి నేరుగా మన ఫోన్‌లోకి రాదు. ముందు ఆపరేటర్ దగ్గరుండే ఎస్ఎమ్ఎస్ సెంటర్‌కు చేరి, అక్కడ నిల్వ ఉంటుంది. మన ఫోన్ నెట్‌వర్క్‌కు దొరికినప్పుడు సెంటర్ దాన్ని పంపిస్తుంది. దొరక్కపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించి, గడువు దాటాక వదిలేస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే: మెసేజ్ సెంటర్‌కు చేరకముందే ఆగిందా, చేరాక ఆగిందా?

ముందు ఈ పరీక్ష చేయండి

వేరే నెట్‌వర్క్ వాడే ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి మీకు చిన్న ఎస్ఎమ్ఎస్‌లు కొన్ని పంపించుకోండి. ఒక్కోదానిలో వరుస సంఖ్య, పంపిన టైమ్ రాయాలి: ‘1 - 10:15’ ఇలాగ. తర్వాత మీ ఫోన్ నుంచి వాళ్లకు పంపండి. రెండు ఫోన్లలోనూ ఆర్‌సీఎస్ చాట్ ఆపేసి చేయాలి. అది ఇంటర్నెట్ మీద నడిచేది, అది ఆన్‌లో ఉంటే మీరు పరీక్షిస్తున్నది ఎస్ఎమ్ఎస్‌ను కాదు.

ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ వాడేవాళ్లు, వచ్చిన మెసేజ్‌ను నొక్కి పట్టుకుని మెనూలో వివరాలు తెరవండి. పంపిన సమయం, అందిన సమయం విడివిడిగా కనిపిస్తాయి. పంపిన సమయం సాధారణంగా సెంటర్ వేసేదే. ఈ రెంటి మధ్య పెద్ద తేడా ఉంటే ఆలస్యం సెంటర్‌కూ మీ ఫోన్‌కూ మధ్య జరిగింది. రెండూ ఒకటే అయి, మీరు ఓటీపీ అడిగింది మాత్రం చాలా ముందైతే, ఆలస్యం పంపినవాళ్ల వైపుది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పూటలాగ లక్షల మంది ఒకేసారి ఓటీపీ అడిగేటప్పుడు ఈ రెండో రకం ఆలస్యానికి అవకాశం ఎక్కువ. అప్పుడు మీ ఫోన్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం ఉండదు.

ఆలస్యంగా, గుంపుగా వస్తున్నాయి

సిగ్నల్ బలహీనంగా ఉండటం మామూలు కారణం. ఫ్లైట్ మోడ్ వేసి తీస్తే ఫోన్ నెట్‌వర్క్‌లో కొత్తగా నమోదవుతుంది, ఆగినవి సాధారణంగా వరసగా దిగుతాయి.

ఎక్కువమంది పట్టించుకోని కారణం రెండు సిమ్‌ల ఫోన్. చాలా ఫోన్లలో ఒక సిమ్‌లో కాల్ మాట్లాడుతున్నంతసేపు రెండో సిమ్ నెట్‌వర్క్‌కు అందదు. బ్యాంకు నంబర్ రెండో సిమ్‌లో ఉంటే, కాల్ పెట్టేశాకే ఓటీపీ వస్తుంది. కస్టమర్ కేర్‌తో మాట్లాడుతూ ‘రావట్లేదండీ’ అని వాపోయేవాళ్లు ఒకసారి ఇది చూసుకోవాలి. కాల్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా సరే, వచ్చిన ఓటీపీని మాత్రం చదివి వినిపించకండి.

ఎవరి దగ్గర్నుంచీ రావడం లేదు

సిమ్ పోయి కొత్తది తీసుకున్నారా? మోసాలను ఆపడానికి, సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్ఎమ్ఎస్‌లు ఆపే నిబంధన మన దేశంలో ఉంది. దానికి ఆగడమే మందు. మీరు సిమ్ మార్చకుండానే సిగ్నల్ మొత్తం పోయి, తిరిగి రాకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. మీ పేరుతో ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. వేరే ఫోన్ నుంచి ఆపరేటర్‌కు, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇవేవీ కాకపోతే ఫోన్ స్టోరేజ్ నిండిందేమో, రీచార్జ్ గడువు అయిపోయిందేమో చూడండి. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి ఆ సిమ్‌లో VoLTE (కాల్స్‌ను 4జీ మీదే నడిపే సదుపాయం) ఆన్‌లో ఉండాలి.

అన్నీ వస్తాయి, ఒక్క బ్యాంకువి తప్ప

మెసేజ్ యాప్‌లో ‘స్పామ్ అండ్ బ్లాక్డ్’ ఫోల్డర్ తెరవండి. తర్వాత బ్యాంకులో ఏ నంబర్ నమోదై ఉందో కనుక్కోండి. డీఎన్‌డీని అనుమానించక్కర్లేదు, అది ప్రకటనలను ఆపుతుంది గానీ ఓటీపీలను కాదు. వ్యాపార సంస్థలు తమ మెసేజ్ నమూనాలను డీఎల్‌టీ అనే ఆపరేటర్ల రిజిస్టర్‌లో ముందే నమోదు చేయాలి. పంపిన మెసేజ్ ఆ నమూనాకు సరిపోకపోతే ఆపరేటరే ఆపేస్తాడు. దాన్ని సరిచేయాల్సింది పంపినవాళ్లే.

మనం పంపేవి వెళ్లడం లేదు

చాలా ప్లాన్లలో రోజుకు 100 ఎస్ఎమ్ఎస్‌లే ఉచితం. ఆపైన బ్యాలెన్స్ లేకపోతే వెళ్లవు. బ్యాలెన్స్ ఉన్నా వెళ్లకపోతే మీ ఫోన్‌లో ఉండే ఎస్ఎమ్ఎస్ సెంటర్ నంబర్ తప్పుగా మారి ఉండొచ్చు. సరైన నంబర్ ఆపరేటర్‌నే అడిగి పెట్టుకోండి.

తెలుగులో పంపితే ముక్కలవుతోంది

ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్ఎమ్ఎస్‌లో 160 పడతాయి, తెలుగుకు 70 స్థానాలే. పైగా ఒత్తు, గుడి, దీర్ఘం ఒక్కొక్కటీ స్థానం తీసుకుంటాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, ఎస్ఎమ్ఎస్ లెక్కలో ఆరు. 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలై వెళ్తుంది. ఒక్క ముక్క ఆలస్యమైనా అవతల మెసేజ్ మొత్తం కనిపించకపోవచ్చు. అమ్మానాన్నలకు తెలుగులోనే రాయండి, కాకపోతే చిన్న చిన్న మెసేజ్‌లుగా. వేగం పరీక్షించేటప్పుడు మాత్రం అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు చాలు.

విదేశాల్లో ఉన్నవారికి

ఇండియా నంబర్‌కు ఓటీపీ రావాలంటే దేశం దాటకముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, రీచార్జ్ గడువు పోనివ్వకండి.

ఇవన్నీ చూశాక కూడా లోపం నెట్‌వర్క్‌దే అనిపిస్తే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ‘మెసేజ్‌లు రావట్లేదు’ అని ఊరుకోకుండా, పంపిన సమయం, అందిన సమయం, ఏ నంబర్ నుంచి, మీరు ఆ సమయంలో ఎక్కడ ఉన్నారు అన్నవి చెప్పండి. మీ ఫిర్యాదుకు వాళ్లిచ్చే డాకెట్ నంబర్ తప్పకుండా రాసి పెట్టుకోండి. వాళ్లు పరిష్కరించకపోతే అప్పీలుకు వెళ్లేటప్పుడు అదే అడుగుతారు.